అమ్మ వాటాకొచ్చిన అధ్యక్షుడు

మా సంఘంలో స్త్రీల సమాజం గురువారం మధ్యాహ్నాలు కూడుతుంది. ఒక ఏడాది మా పాస్టరమ్మగారికి ప్రపంచమంతటి కోసం ప్రార్థన చేయించాలని బుద్ధి పుట్టింది. బడిలో పక్కన పడేసిన ప్రపంచ పటం ఒకటి తెచ్చి గోడకు తగిలించారు. ఒక్కొక్కరినీ పిలిచి, కళ్ళు మూసుకుని వేలు పెట్టమన్నారు. వేలు ఏ దేశం మీద పడితే ఆ దేశమూ, దాన్ని ఏలే మనిషీ ఆమె వాటా. రోజూ ఇంట్లో వాళ్ళ కోసం ప్రార్థించాలి.

ఎదురింటామెకు అమెరికా వచ్చింది. వారం రోజులు ఆమె నడకే మారిపోయింది. ఇంకొకామె వేలు నడిసముద్రంలో పడితే మళ్ళీ పెట్టించారు. మా అమ్మది లావు వేలు. అది ఐరోపాలో ఒక మూల పడి, మూడు నాలుగు దేశాలను ఒకేసారి కప్పేసింది. "అన్నిట్లోకీ చిన్నది తీసుకోమ్మా, సులువుగా ఉంటుంది" అన్నారు పాస్టరమ్మగారు. అట్లా బాల్కన్ కొండల్లోని ఒక చిన్న దేశమూ, దాని అధ్యక్షుడూ మైపాడు దారిలోని మా ఇంటికి వచ్చారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వెతుక్కుంటారు, ఆయన మీక్కూడా సొంతమవుతాడు. నాకు అంత పెద్ద మనసు లేదు.

సులువన్న మాట ఎంత అబద్ధమో ఆ సాయంత్రమే తేలిపోయింది. అమ్మ కుట్టుమిషను ఆపి నన్ను పిలిచింది.

"ఊరికే దీవించు దీవించు అంటే దేవుడికి మాత్రం ఏం అర్థమవద్ది? ఆయన ఎట్టాంటోడో, ఏం కష్టంలో ఉండాడో కనుక్కొని చెప్పు."

అప్పటికి నేను నెల్లూరులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనికి కుదిరాను. పొద్దున పోయే బస్సులోనూ సాయంత్రం వచ్చే బస్సులోనూ ఫోను చూడటం తప్ప వేరే పని లేదు. తోటి ఆడపిల్లలు సినిమాలు చూస్తుంటే నేను ఆ దేశపు పత్రికలు చదివేదాన్ని. ఫోను వాటిని తెలుగు చేసిపెట్టేది. ఆ తెలుగు చదివితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అయినా అమ్మకు రోజుకొక్క ముక్కయినా మోసుకుపోకపోతే ఇంట్లో కాఫీ పుట్టేది కాదు.

ఆయన తండ్రి రైల్వేలో పనిచేసేవాడట. తల్లీ తండ్రీ వేరువేరు మతాలవాళ్ళు. అందుకని చిన్నప్పటినుంచీ రెండు భాషలూ వచ్చు, రెండు రకాల పండగలూ తెలుసు. లా చదివి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటుంటే, పార్టీలవాళ్ళు ఎవరి పేరూ ఒప్పుకోలేక, ఎవరికీ గట్టి కోపం లేని మనిషని ఆయన్ని నిలబెట్టారు. గెలిచాడు. గెలిచాక తెలిసింది, ఆ కుర్చీకి పెద్ద అధికారమేమీ లేదని. సంతకం పెట్టవచ్చు, మాట్లాడవచ్చు, ఎక్కడికైనా వెళ్ళి కూర్చోవచ్చు. అంతే.

ఆ దేశంలో రెండు జాతులవాళ్ళు ఒకరి వీధిలో ఒకరు రొట్టె కొనుక్కోవడం మానేసిన రోజులవి. తుపాకులు బయటికి రావడమొక్కటే తక్కువ. ఆయన టీవీలో ముందు ఒక భాషలో, వెంటనే రెండో భాషలో అదే మాట చెప్పేవాడు. దాంతో రెండు పక్కలవాళ్ళూ పిరికివాడని తిట్టారు. "పాపం, ఇద్దరికీ చెడ్డయినాడు" అని అమ్మ ఆ రోజు చాలాసేపు మోకాళ్ళ మీదే ఉంది. ఆయన నిద్ర కోసం, ఆయన కారు నడిపే మనిషి కోసం, ఆయన భార్య కోసం ప్రార్థించింది. స్త్రీల సమాజంలో అమ్మకు ప్రెసిడెంటమ్మ అని పేరు పెట్టారు. అమ్మకు కోపం రాలేదు. నాకు మాత్రం వచ్చేది.

ఆ మరుసటేడు తుఫాను గాలికి మా గుడి రేకులు లేచిపోయాయి. మళ్ళీ కట్టడం దగ్గర తగువు మొదలైంది. పాత చోటు సముద్రం వైపు, మావాళ్ళ సమాధుల పక్కన ఉంది. మా నాన్నా ఇంకొందరూ అక్కడే కట్టాలన్నారు. బస్సు ఆగేచోట మా పెదనాన్నకు టీకొట్టు ఉంది, దాని వెనక కొంత జాగా ఉంది. ఆ జాగా ఊరికే ఇస్తాను, రోడ్డు మీద కడదామన్నాడాయన. మాటా మాటా పెరిగింది. పెదనాన్న లేచిపోయాడు, సగం సంఘం ఆయన వెంట పోయింది. రెండు గుళ్ళు లేచాయి. ఆదివారం రెండు మైకుల్లో ఒకే కీర్తన, ఒకదాని వెనక ఒకటి, రాగం కలవకుండా వచ్చేది. వాళ్ళ మంచీచెడ్డలకు మనం పోకూడదని మా పెద్దలు కట్టడి చేశారు. అవతలి పెద్దలు అంతకంటే తక్కువ తినలేదు.

పెదనాన్న భార్య మా అమ్మకు సొంత అక్క. పిల్లల్లేరు. అమ్మ మిషను తొక్కుతుంటే నన్ను చంకనేసుకుని తిప్పింది ఆమె. నాకు జడలేసింది, పేలు తీసింది, నేను పెద్దమనిషినైతే నాకంటే ముందు ఏడ్చింది. నాకిద్దరు అమ్మలని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని. పనికి పోయేటప్పుడు బస్సొచ్చేలోపల ఆమె చేతి టీ తాగడం నాకు అలవాటు. తగువు తర్వాత కూడా అదే చోట నిలబడాలి, బస్సు ఇంకెక్కడా ఆగదు. నన్ను చూడగానే పెద్దమ్మ పొయ్యి వైపు తిరిగేది. ఆ వీపును చూస్తూ రోజూ నిలబడ్డాను. నా ఒంట్లో సగం కోసి అవతలి పక్కకు ఇచ్చేసినట్టుండేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, బస్సులో ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే చదివాను. అక్కడ రెండు జాతుల మధ్య కొట్లాటలో ఇద్దరు కుర్రవాళ్ళు చనిపోతే, అధ్యక్షుడు పొద్దున ఒకరింటికి, సాయంత్రం రెండో ఇంటికి వెళ్ళాడట. రెండోచోట ఎవరూ కుర్చీ కూడా వేయలేదట. నిలబడి, తల వంచి, వచ్చేశాడట.

"కుర్చీ గూడా ఎయ్యలేదా?" అంది అమ్మ.

కొన్నాళ్ళకు రోడ్డు గుడివాళ్ళలో ఒక ముసలాయన పోతే, అమ్మ చీర మార్చుకుని బయల్దేరింది. నాన్న వద్దన్నాడు. "మా ప్రెసిడెంటు పోలా?" అని పోయింది. అక్కడ ఆమెకూ కుర్చీ వేయలేదు. పెద్దమ్మ చూసి కూడా చూడనట్టే ఉంది. మా పెద్దలొచ్చి అమ్మను అరుగు మీద నిలబెట్టి చీవాట్లు పెట్టారు. రెండు పక్కల్నీ కలిపే పని జరగలేదు. ఆయనకూ అక్కడ అప్పటికింకా జరగలేదు. తర్వాత నిదానంగా జరిగింది. రెండు పక్షాలూ ఒక కాగితం మీద సంతకాలు చేశాయి, తుపాకులు బయటికి రాలేదు. ఆ మేలు చేసినందుకు జనం తర్వాతి ఎన్నికల్లో ఆయన్ని ఓడించి, గట్టిగా అరిచే మనిషిని తెచ్చుకున్నారు.

పాస్టరమ్మగారు కొత్తాయన్ని రాసుకోమన్నారు. అమ్మ ససేమిరా అంది. "కొత్తాయనకు గూడా చేస్తానమ్మా. అయినా పదవి పొయ్యిన రోజే గదా ఆయనకి ప్రార్థన కావాల్సింది?"

ఆయన మళ్ళీ పాఠాలు చెప్పుకోవడానికి వెళ్ళిపోయాడు. వార్తలు తగ్గిపోయాయి. ట్రాములో నిలబడి ప్రయాణిస్తున్న ఫొటో ఒకటి దొరికితే అమ్మకు చూపించాను. చిక్కిపోయాడంది. ఆ తర్వాత ఒక సాయంత్రం, బస్సు మా ఊరి మలుపు తిరుగుతుండగా, ఆయన గుండె ఆగి పోయాడని చదివాను. ఇంటికెళ్ళి చెబితే అమ్మ మిషను ఆపేసి, దారం కూడా తెంపకుండా కూర్చుండిపోయింది.

"జ్ఞాపకార్థ కూడిక పెడదాం" అంది.

నాన్న నవ్వాడు. "ఎవురికి? ఆయన మనకేమవుతాడు?"

"నా మనిషి."

మా పెద్దలు తలలు గోక్కున్నారు. వాళ్ళ కట్టడి అవతలివాళ్ళ చావుల గురించి. ఈయన అవతలివాడు కాదు, ఇవతలివాడూ కాదు. రాకూడదనడానికి ఎవరికీ కారణం దొరకలేదు. అమ్మ నన్ను ఊరంతా తిరిగి చెప్పి రమ్మంది, రోడ్డు గుడివాళ్ళతో సహా. చివరికి పెద్దమ్మ కొట్టు ముందు నిలబడ్డాను. "అమ్మ వాళ్ళ ప్రెసిడెంటు పోయినాడు పెద్దమ్మా. రేపు సాయంత్రం మా ఇంట్లో కూడిక" అన్నాను. ఆమె గ్లాసులు కడుగుతూనే ఉంది.

వచ్చారు. సగం మంది వింత చూడటానికే వచ్చారనుకోండి, అయినా వచ్చారు. ట్రాములో ఫొటో నెల్లూరులో పెద్దది చేయించి కుర్చీలో పెట్టాం. మా కూడికల్లో పోయినవాళ్ళ జీవితం చదవడం ఆనవాయితీ. ఆయన జీవితం చదివే మనిషిని నేనొక్కదాన్నే. రైల్వే తండ్రి దగ్గర మొదలుపెట్టాను. కుర్చీ వేయని ఇంటి దగ్గరకు వచ్చేసరికి ముందు వరసలో రెండు గుళ్ళ పెద్దలూ నేల చూస్తున్నారు. ఎవరో వెనక ముక్కు చీదారు. ఓడిపోయిన సంగతి చదువుతుండగా గేటు చప్పుడైంది. పెద్దమ్మ రెండు చేతులా టీక్యాను మోసుకుని నిలబడి ఉంది.

అమ్మ లేచి వెళ్ళి, తను కూర్చున్న కుర్చీ తెచ్చి వేసింది.

పెద్దమ్మ కూర్చోలేదు. ఫొటో వైపు చూసి, "ఆయమ్మ ఉందా? పెళ్ళాం?" అంది.

"ఉందక్కా."

"ఎట్టుందంట? దగ్గిర ఎవురన్నా ఉండారా?"

"తెలవదక్కా. పాప చూసి చెప్పద్ది."

"చెప్పు పాపా" అంది నా వైపు తిరిగి. "ఆయమ్మకి నేను జేస్తా ప్రార్థన."

రెండు గుళ్ళూ ఇప్పటికీ రెండే. మైకులూ అంతే. ఆ దేశం నేనెన్నడూ చూడబోను, అక్కడివాళ్ళకు మా ఊరుందని కూడా తెలియదు. ఆయన తన జనానికి ఏం చేశాడో చరిత్రకారులు తేల్చుకుంటారు. నాకు మా పెద్దమ్మను తెచ్చి ఇచ్చాడు. ఆయనకు నేను ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే.

కూడిక మర్నాడు పొద్దున బస్సు కోసం నిలబడితే, పెద్దమ్మ పొయ్యి వైపు తిరగలేదు. టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఆయమ్మ సంగతి చూసినావా?" అంది. చూడటానికి ఫోను తీశాను. ఇద్దరం తలలు ఆనించి చదువుతుంటే బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.