అడ్డకర్ర మీద అన్వి

దయ్యాల పుస్తకాలు నేను ఇష్టంగా చదువుతాను. చదివి, లైటార్పి, హాయిగా నిద్రపోతాను. ఒక్కటీ నమ్మలేదు. నేను చూసినదాన్ని ఇప్పటికీ దయ్యం అనలేను, ఎందుకంటే నేను చూసిన మనిషి బతికే ఉంది.

మా పిన్ని అమెరికాలో, డెలవేర్‌లో ఉంటుంది. ఆమె కూతురు అన్వి ఇక్కడే పుట్టి పెరిగింది. కిందటి వేసవి సెలవుల్లో పాతకాలపు తెరచాప ఓడ ఒకదానిలో ట్రైనీగా చేరింది. అలాంటి ఓడలు కొన్ని తమ ఇంటి దగ్గరి కెనాల్ గుండా వరసగా వెళ్తున్నాయని, అన్విని ఫొటోలు తీయాలని పిన్ని ఫోన్ చేసింది. నేనుండే హెర్న్‌డన్ నుంచి కెమెరాతో డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను.

గట్టు పొడవునా మడత కుర్చీలు, ట్రైపాడ్‌లు. మధ్యాహ్నం, మంచి ఎండ. కెనాల్‌లో తెరచాపలు విప్పరు. చుట్టి కట్టేసి, ఇంజన్ మీద నెమ్మదిగా నడుపుతారు. ఓడలన్నీ బట్టలు తీసేసిన దండేల్లా కనిపించాయి.

“మొహం పడాలి తల్లీ. మొన్న పెళ్లిలోలా అందరి వీపులూ తీయకు,” అంది పిన్ని.

అన్వి ఓడ వచ్చింది. జూమ్ చేసి వెతికాను. ముందు స్తంభానికి అడ్డంగా, బాగా ఎత్తున, తెరచాప కట్టే పొడవాటి కర్ర ఉంది. దాని చివర అన్వి ఒక్కతే ఉంది. కాళ్లు కింది తాడు మీద ఆనించి, ముందుకు వంగి ఏదో ముడి వేస్తోంది. పడిపోకుండా నడుము బెల్టుకి ఉండే క్లిప్ గాలికి ఊగుతోంది. దేనికీ తగిలించి లేదు.

అరవబోయాను. మామూలుగానే నాది పెగలని గొంతు, కానీ ఇది సిగ్గు కాదు. నోరు తెరిచాను, శబ్దం రాలేదు. కెమెరా దించితే తను పడిపోతుందేమో అనిపించింది. వేలు మాత్రం బటన్ నొక్కుతూనే ఉంది. ఓడ వంతెన దాటి మలుపు తిరిగిపోయింది.

“ఎక్కడా కనిపించలేదేంటే? లోపలుందా?” అంది పిన్ని.

ఫొటోలు చూశాను. అన్నిట్లోనూ కర్ర స్పష్టంగా ఉంది. దాని మీద ఎవరూ లేరు.

సాయంత్రం ఓడ ఆగిన రేవుకి వెళ్లాం. అన్వి చేతులు వాసన చూసుకుంటూ దిగింది.

“సారీ అమ్మా, కిచెన్ డ్యూటీ. మొత్తం ఆనియన్స్.”

“పైకి ఎక్కలేదా?” అన్నాను.

“కెనాల్‌లో ఎవర్నీ పంపరు అక్కా. ఓషన్‌లోకి వెళ్లాక నా టర్న్. అదిగో, ఆ ఎండ్.”

తను చూపించింది నేను చూసిన చోటే.

“క్లిప్ మర్చిపోకు.”

“నువ్వు కూడా అమ్మలా స్టార్ట్ చేశావా?”

పిన్ని ముందు అంతకంటే ఏమీ చెప్పలేకపోయాను. చెప్పినా ఏ ఫొటో చూపించాలి? మర్నాడు ఓడ వెళ్లిపోయింది. సముద్రంలో ఫోన్ కలవదు. ఆఫీస్‌లో కూర్చుని ఆ వైపు గాలి ఎలా ఉందో ఇంటర్నెట్‌లో చూడడం తప్ప నేను చేయగలిగింది లేదు.

తర్వాతి వారం ఇంకో రేవు నుంచి అన్వి ఫోన్ చేసింది. గొంతు మామూలుగా లేదు.

“అక్కా, నవ్వకు. నిన్న పైన ఉన్నప్పుడు కిందకి చూశా. డెక్ మీద నువ్వున్నావ్, కెమెరాతో. నోరు తెరిచి ఉంది, బట్ సౌండ్ లేదు. ఏం చూస్తున్నావా అని చూసుకుంటే, నా క్లిప్ పెట్టుకోలేదు.”

గట్టు మీద నా గొంతు రాని సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. తను పైన ఉన్న ఆ సమయంలో నేను ఆఫీస్‌లో, మీటింగ్‌లో ఉన్నాను. పక్కన కూర్చున్నవాళ్లని కూడా అడిగాను. నేను కదల్లేదట.

ఈ వేసవికి అన్వి మళ్లీ వెళ్తోంది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. ఆ రోజు ఫోన్‌లో తను నాకు థాంక్స్ చెప్పింది. నేనేమీ చేయలేదు. చేయలేకపోయాను. జరిగినదాంట్లో నాకు కచ్చితంగా తెలిసింది అదొక్కటే.