గీకేసిన పసుపు రేకు

బోధన్ బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టే నా దోస్తు ఎడమ చేయి కొద్దికొద్దిగా పోతోంది. మొదట చూపుడు వేలు తీశారు, తర్వాత దాని పక్కది. మిగిలినదైనా దక్కుతుందా అన్నదే నిన్నటిదాకా ఆ ఇంట్లో మాట. ఎట్లా అయిందని అడిగినవాళ్లకు తలా ఒక ముక్క చెప్పి ఊరుకున్నాను. కడుపు మండి ఇప్పుడు మొత్తం రాస్తున్నాను.

నేను పని చేసింది చక్కెర మిల్లు గోదాములో. నిండిన బస్తాల మీద గుర్తులు వేసేవాణ్ణి. అక్షరాలు కోసిన రేకును సంచికి ఆనించి నల్లరంగు కుంచెతో తుడిస్తే గింజ సైజు, బరువు, ఏ ఏటి సరుకు, ఏ మిల్లుది, అన్నీ పడేవి. నేను బడికి పోలేదు. తెలుగూ ఇంగ్లీషూ ఆ రేకుల మీదే నేర్చుకున్నాను, ఉర్దూ నా దోస్తు దుకాణంలో. ఏ మూల మిల్లయినా ఆ రాత ఒకే తీరుగా ఉండాలి. ఒక్క అక్షరం అలుక్కుపోతే బస్తా వెనక్కి వచ్చేది, తిట్లు నాకు పడేవి. చాయ్‌లో కరిగిపోయే చక్కెరకు అంత పట్టింపు.

దోస్తు తండ్రి కళాయి పోసేవాడు. ఇతను పేర్లు కొట్టడం పట్టుకున్నాడు. పెళ్లి బిందెల మీద, దావత్‌లలో వండే పెద్ద దేగిషాల మీద చుక్క చుక్కగా ఉలితో పేరు తేలుస్తాడు. తెలుగులో కావాలంటే తెలుగు, ఉర్దూ కావాలంటే ఉర్దూ, రెంజల్ అవతల మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లకు మరాఠీ. పేర్లు తీసే పని కూడా ఇతనిదే. మా దిక్కు పాత గిన్నె కొన్నవాళ్లు దాని మీది పేరు గీకించనిదే పొయ్యి మీద పెట్టరు. మంది పేరు, పరాయివాళ్ల పేరు, ఉన్న గిన్నెలో వండుకుంటే ఎత్తుకొచ్చినదేమో అంటారు. అమ్ముకున్నవాళ్ల ఇజ్జత్ కూడా అందులోనే ఉంది, ఫలానావాళ్లు గిన్నెలు అమ్ముకునే గతికి వచ్చారని బజారుకు తెలియకూడదు. అందుకే ఇతను తన కోసం ఏ పాత సామాను కొన్నా మొదట ఆకురాయి తీసుకుని దాని మీది రాత తీసేస్తాడు. అది అతని మర్యాద.

పోయిన ఎండాకాలం పాత ఇనుము కొని అమ్మే కబాడీ దుకాణం నుంచి ఒక ఇనుప కుండ తెచ్చుకున్నాడు. లోపలంతా సీసం. గిన్నె కింద సీసం దిమ్మె ఉంటే ఉలి దెబ్బకు సొట్ట పడదు, అటువంటిదాని కోసం ఎన్నాళ్లనుంచో వెతుకుతున్నాడు. నేను చూసేసరికే దాన్ని గీకి, తోమి, రెండు కాళ్ల నడుమ పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏందిది భాయ్, గింత బరువుంది?”

“కూలర్ మోటర్ది గావచ్చన్న. పసుపు రేకు మీద నల్లగ పంకా బొమ్మ ఉండె, కింద సన్నగ ఏదో ఇంగ్లీష్. గీకేసిన.”

“మరి పంకా ఏది?”

“నీ నెత్తి మీద తిరుగుతుంది, సూడు” అన్నాడు. నేను నిజంగానే పైకి చూశాను. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు.

అది కూలరుది కాదని, ఆ మూడు రెక్కలు పంకావి కాదు, కిరణాల ప్రమాదపు గుర్తని తెలిసేసరికి చలికాలం వచ్చింది. చెరకు మిల్లుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో గొట్టం లోపల సరుకు ఎంత ఎత్తుకు వచ్చిందో బయటినుంచే పసిగట్టడానికి అటువంటి కుండలు బిగిస్తారట. నడుమ మినప గింజంత అణుపదార్థం ఉంటుంది. దాని కిరణాలు బయటికి రాకుండా చుట్టూ సీసం పోసి, ఒక పక్క మాత్రం చిన్న కిటికీ, దానికో మూత పెడతారు. మిల్లులో ఇన్నేళ్లు పని చేసినా గోదాము దాటని నాకు ఆ సంగతి తెలియదు. దోస్తు తెచ్చుకున్న కుండకు ఆ మూత విరిగిపోయి ఉంది. సమంగా ఉందని అతను పైకి పెట్టుకున్నది కిటికీ ఉన్న పక్కనే. ఉలి పట్టిన ఎడమ చేయి రోజంతా దాని మీదే.

వేళ్లు ఎర్రబడ్డాయి, పొక్కులొచ్చాయి, నల్లబడ్డాయి. నిజామాబాదులో ఒక డాక్టరు షుగర్ పుండన్నాడు. రక్తం చూస్తే షుగర్ లేదు. ఇంకొకాయన గిన్నెల రాగి ఒంటికి పడలేదన్నాడు. అతని ఇల్లాలు, మా భాబీ, పసుపు కట్టింది, వేపాకు నీళ్లతో కడిగింది. చివరికి హైదరాబాదులో ఒక పడుచు డాక్టరమ్మ మందుల మాట పక్కనపెట్టి, పని చేసేటప్పుడు చేతి కింద ఏముంటుందని అడిగింది.

కుండ సంగతి విని ఆమె ఖబురు చేస్తే మూడోనాడు అణుశాఖవాళ్ల జీపు వచ్చింది. బజారు బజారంతా షట్టర్లు దించుకుంది. వచ్చినవాళ్ల చేతిలోని కిరణాలు పట్టే మీటరు కుండ దగ్గరికి పోయేకొద్దీ టకటకమంది. పొడుగు పట్టకార్లతో ఎత్తి పెద్ద పీపాలో దించారు. పెద్దాఫీసరు రేకు ఏదని అడిగాడు.

“గీకేసిన సార్. మందిది ఎట్లుంచుకుంటం?”

ఆయన కోపం చేయలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. ఆ రేకు మీద నంబరు ఉండేదట. అది ఉంటే ఏ మిల్లుదో తేలేది. ఇటువంటివి సాధారణంగా ఒక్కటే బిగించరట, దీని జతవి ఎక్కడున్నాయో కూడా పట్టుకునేవాళ్లమన్నాడు. అమ్మిన కబాడీవాడికీ అది ఏ లోడులో వచ్చిందో తెలియదు, ఇప్పుడు ఎవరినీ అడగడానికి లేదు.

వాళ్ల పీపా మీద నాలుగు రకాల రేకులు అతికించి ఉన్నాయి, ఒకదాని రాత ఒకదానితో కలవదు. ఇదేమిటని అడిగాను. ఇలాంటివి మోసుకుపోయే డబ్బాల మీద ఎవరి గుర్తు వాళ్లు వేసుకుంటూ వచ్చారని, అన్నిటినీ ఒక్క పద్ధతికి తేవాలని మాటలు నడుస్తున్నాయని, దేశాలన్నీ ఒప్పుకోవాలని చెప్పాడు. పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న కొత్త బొమ్మ కూడా వచ్చిందన్నాడు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద కూడా పుర్రె ఉందని, దాని చుట్టూ ఉన్న కంచె మీద బట్టలారేస్తారని చెప్పాను. ఆయన ముఖం తుడుచుకున్నాడు. చక్కెర బస్తా మీది రాత ఏ మిల్లయినా ఒకే తీరుగా ఉంటుందని కూడా చెప్పాను. విన్నాడు. జీపు వెళ్లిపోయింది.

ఆ జత కుండలు ఎవరి కాళ్ల నడుమ ఉన్నాయోనని కబాడీ దుకాణాలు తిరిగాను. బోధన్‌లో, నిజామాబాదులో, హైవే పొంటి ఇందల్వాయి దాకా. అక్కడ ఒకడు గుర్తేందే తాతా అన్నాడు. పసుపు రేకు, మూడు రెక్కలు అన్నాను.

“రేకులు మేం ముందుగాలనే పీకేస్తం. ఇనుమేసే కాడ ఇనుము, రేకేసే కాడ రేకు.”

తప్పేమీ అనలేదు అతను. ఆ పని అట్లాగే చేస్తారు. అయినా ఆ మాట తర్వాత ఇంకే దుకాణం మెట్టూ ఎక్కబుద్ధి కాలేదు. బస్సు కోసం నిలబడితే పెద్ద పెద్ద లారీలు పోతూనే ఉన్నాయి, ఒక్కోదాని వెనక ఒక్కో రకం రాత.

నిన్న దోస్తును మళ్లీ హైదరాబాదు దవాఖానాలో చేర్పించారు. మంచం పక్కన నేనూ భాబీ ఉన్నాం. దోస్తు కట్టున్న చేతిని దుప్పటి మీద పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

“ఒక్కటి చెప్పన్న. నేను గీకకపోతె నా చెయ్యి దక్కుతుండెనా?”

ఉన్నమాటే చెప్పాను. “రేకున్నా మన బజార్ల దాన్ని చదివి సమజ్ చేసుకునేటోడు లేడు భాయ్, నేను గూడ. దక్కకపోతుండె.”

“మరి ఎవలకోసం రాసిండ్రన్న దాన్ని?”

డాక్టరు వచ్చాడు. కట్టు విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి నల్ల పెన్ను తీసి, మణికట్టుకు బెత్తెడు పైన చుట్టూ గీత గీశాడు. భాబీ గోడ వైపు తిరిగింది. దోస్తు ఆ గీతను చూస్తూ ఉండిపోయాడు.