కిటికీకి కట్టిన కన్నీళ్లు

మా నాయనమ్మ పౌలీనా మసిలెలా గోడ మీద గీత గీస్తే, దాన్ని చూసుకునే సూర్యుడు తిన్నగా లేస్తాడు. స్కేలు ముట్టదు, కోడి ఈకే ఆమె కుంచె. మెడ చుట్టూ మా తెగ ఆడవాళ్లు వేసుకునే ఇత్తడి కడియాలు ఉన్నందువల్ల తల ఒక్కటే తిప్పలేదు, పక్కకు చూడాలంటే బీరువా జరిగినట్టు ఒళ్లంతా తిరగాలి. నేను నవ్వితే నా ముక్కుకు సున్నం పూస్తుంది. మొన్న క్వామ్లాంగా రోడ్డు మీది కొత్త హోటల్ వాళ్లు గోడకు రంగులు వేయమని పిలిచారు. సగం గోడ అయ్యాక నాయనమ్మ ఒళ్లంతా తిప్పి కిటికీ వైపు చూసింది. పరదాలను రెండు పొడుగాటి పూసల పట్టీలతో కట్టి ఉంచారు. మాలో కొడుకు కొండ మీద మగవాడయ్యే దీక్ష ముగించుకుని తిరిగొచ్చిన రోజున తల్లి తలకు కట్టుకుని నేలదాకా వేలాడేసుకునే పట్టీలవి. పిల్లవాణ్ణి పోగొట్టుకున్నందుకు ఒకటి, మగవాణ్ణి పొందినందుకు ఒకటి. వాటిని మేం కన్నీళ్లనే అంటాం.

“ఇవి ఏ తల్లివిరా?”

“అంగట్లో కొన్నాం అవ్వా. అందంగా లేవూ?” అన్నాడు మేనేజరు.

“ఆవిడ ఏడుపు నీ కిటికీకి అందమా? విప్పు!”

అతను నవ్వాడు. నాయనమ్మ నీళ్ల బకెట్లో రెండు చేతులూ ముంచి, ఇంకా తడి ఆరని తన గోడనంతా అరచేతులతో తుడిచేసింది.

ఇంటికి తిరిగొచ్చే దారిలో నేను ఊరుకోలేక, “వాళ్ల వంటింట్లో కోడికూర ఉడుకుతోంది నాయనమ్మా. తిన్నాక తుడవాల్సింది” అన్నాను.

“కూర కోసం ఆగేదాన్నయితే, మీ నాన్న కోసం నేను కట్టుకున్నవీ ఈపాటికి అమ్ముడుపోయి ఏదో కిటికీకి వేలాడేవి. నోర్మూసుకుని నడు.”