అల్యూమినియం రెక్కల మీద గుడ్డ

పట్టు మిల్లులో మగ్గాలు బాగుచేసే తుర్గున్‌ని మర్గిలాన్‌లో ఎవరూ ఒట్టి తుర్గున్ అనరు. టీ నీళ్ళు మరగబెట్టే పెద్ద లోహపు పాత్ర పేరు కలిపి సమోవార్ తుర్గున్ అంటారు. మాంసం కొట్టువాడు అలాగే పిలుస్తాడు, మంగలి అలాగే పిలుస్తాడు, మిల్లులో జీతాలిచ్చే ఆవిడ కూడా కిటికీలోంచి అలాగే కేకేస్తుంది. తుర్గున్ నెమ్మదస్తుడు. నోట్లోంచి మాట బయటికి రావడానికి టైం పట్టే మనిషి. పిలిచినప్పుడల్లా తల ఊపి ఊరుకుంటాడు. ఊరుకుంటాడే గానీ, పిలిచినప్పుడల్లా గుండెలో ఒక మేకు ఇంకాస్త లోపలికి దిగుతుంది. ఆ మేకు కొట్టినవాడు పక్క వీధి కంబర్.

కంబర్ విందుల్లో పాడతాడు. గొంతు గురించి అబద్ధం ఆడకూడదు, మంచి గొంతే. నాలుకతోనే వచ్చింది చిక్కంతా.

తుర్గున్‌కి కుర్రతనం నుంచీ ఆంప్లిఫయర్లు కట్టడం పిచ్చి. ఆదివారం సంతలో పాత రేడియోలు, మిలిటరీ వాళ్ళు పారేసిన పెట్టెలు ఏరుకొచ్చి, పెరట్లో ద్రాక్షపందిరి కింద కూర్చుని కట్టేవాడు. తమ్ముడి పెళ్ళికని ప్రాణం పెట్టి ఒకటి కట్టాడు. పెళ్ళినాడు దాని మోత విని ముసలాళ్ళు కూడా తలలు ఊపారు. సరిగ్గా కంబర్ పాట మంచి పట్టు మీదున్నప్పుడు అది చచ్చిపోయింది. వెనకాల ఉన్న హీట్ సింక్ మీద, అంటే ట్రాన్సిస్టర్ల వేడి బయటికి పోవడానికి పెట్టే ఆ అల్యూమినియం రెక్కల మీద, కంబర్ వేలు పెట్టి చుర్రుమనగానే తీసేశాడు. వేలు ఊదుకుంటూ జనం వైపు తిరిగాడు.

"బాబులూ, పాట అయిపోయిందని దిగులు పడకండి. తుర్గున్ సమోవార్ మరిగింది. గిన్నెలు పట్టుకురండి, టీ తాగుదాం."

పెళ్ళివారంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు.

మర్గిలాన్‌లో విందన్నాక ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకోవడం పలావులో క్యారెట్ లాంటిది, అది లేకపోతే విందే కాదు. దానికో కట్టుబాటు ఉంది. నిన్ను నలుగురిలో అన్నారా, అక్కడికక్కడే అంతకంటే గట్టిగా అనాలి. చేతకాకపోతే నలుగురితో పాటు నవ్వి కూర్చోవాలి. కోపం తెచ్చుకున్నవాడు చంటిపిల్లాడితో సమానం. మర్నాడు పోయి తగువు పెట్టుకున్నవాడు అంతకంటే హీనం. ఆ రోజు తుర్గున్ నోరు తెరిచాడు. మాట రాలేదు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయేసరికి జనం ఇంకా నవ్వారు. అంతే, పేరు అంటుకుంది.

మర్నాడు పెట్టె విప్పి చూస్తే రెక్కల మధ్య మాడిపోయిన ఎర్ర పట్టు దారాలు కనిపించాయి. దారాలెక్కడివా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. పెళ్ళి ఫోటోలు వచ్చాక తెలిసింది. ఫోటోలో కంబర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని పాడుతున్నాడు. వెనకాల నల్లటి రెక్కలు ఉండాల్సిన చోట పూల సుజానీ ఉంది, గోడల మీద వేలాడదీసే చేతి కుట్టు గుడ్డ. ఫోటోలో తన వెనక ఆ వికారపు రెక్కలెందుకని గోడ మీది సుజానీ లాగి తనే వాటి మీద కప్పేశాడు మహానుభావుడు. గాలి ఆడక పెట్టె చచ్చింది. వేలు పెట్టే ముందు ఆ గుడ్డ లాగి పక్కన పడేసి ఉంటాడు. మా మర్గిలాన్ వాళ్ళకి అదో జబ్బు. కుట్టు మిషనైనా, టీవీ అయినా, కళ్ళకి ఇంపుగా లేనిది ఏది కనపడినా దాని మీద పూల గుడ్డ పడాల్సిందే.

ఈ సంగతి ఎవరికి చెప్పుకుంటాడు? చెబితే కట్టుబాటు తప్పిన ఏడుపుగొట్టు అవుతాడు. ఆ దారాలు పొగాకు డబ్బాలో వేసి మూత పెట్టాడు. పెళ్ళాం ఓయ్‌నిసాకి ఒక్కదానికే చూపించాడు.

ఏళ్ళు గడిచాయి. తమ్ముడికి పిల్లలు పుట్టారు. ఈ వేసవిలో కంబర్ మనవడి సున్తీ విందు వచ్చింది. పేటలో ఎవరింట విందైనా పనులు పంచేది ఆక్సాకాల్, అంటే పేట పెద్దాయన. టీ కొట్టు దగ్గర అందరినీ కూర్చోబెట్టి, నువ్వు పొయ్యి, నువ్వు మాంసం, నువ్వు బల్లలు అని చెబుతూ తుర్గున్ దగ్గరికి వచ్చేసరికి సౌండ్ అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు కంబర్ అందుకున్నాడు.

"మంచిదేగా. మా ఇంట్లో టీకి వేరే సమోవార్ పెట్టక్కర్లేదు."

అందరూ నవ్వారు. తుర్గున్ తల ఊపి, అలాగే కంబర్ అకా, అంటే కంబర్ అన్నా, కడతాను అన్నాడు. ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. అతను ఈల వెయ్యడం ఓయ్‌నిసా ఎప్పుడూ విని ఉండలేదు. ఆవిడకి భయం వేసింది.

మర్నాటి నుంచి మిల్లు దిగగానే ద్రాక్షపందిరి కిందే మకాం. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి బీరువాలోంచి ఊడదీసిన హీట్ సింక్ ఒకటి దాచుకున్నాడు. చెయ్యంత పొడుగు, మందం రెక్కలు. దాన్ని దుప్పటి మడత మీద బోర్లా పెట్టి, సూదిమొనతో గీతలు గీసి, గీతలు కలిసిన చోట పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ చిన్న గుంట లేకపోతే డ్రిల్లు మొన జారి ఊరంతా తిరుగుతుంది. తర్వాత కిరోసిన్ చుక్క వేసి, చేతి డ్రిల్లు మెల్లగా తిప్పేవాడు. అల్యూమినియం మెత్తటి లోహం, తొందరపడితే మొనకి జిగురులా అంటుకుని రంధ్రాన్ని చింపేస్తుంది. తిప్పుతూ ఏదో గొణుక్కునేవాడు. ఒకే ముక్క అటు తిప్పి, ఇటు తిప్పి, మాట మార్చి, మళ్ళీ అనుకునేవాడు. ప్రార్థన చదువుకుంటున్నాడేమో అనుకుంది పక్కింటి ముసలమ్మ.

రంధ్రం పడ్డాక దాని అంచున ముల్లులా సన్నటి లోహం లేస్తుంది. దాన్ని తీసెయ్యాలి. ఎందుకంటే టోపీలా ఉండే ఆ ట్రాన్సిస్టర్ ఒంటి నిండా కరెంటే, అది హీట్ సింక్‌ని తాకకుండా మధ్యలో పల్చటి అభ్రకం రేకు వేస్తారు. ముల్లు ఉంటే రేకుని పొడుస్తుంది. వెంటనే పొడవదు. ఎండెక్కి, లోహం వేడెక్కి, మరలు బిగుసుకున్నాక పొడుస్తుంది. అప్పుడు టప్పుమంటుంది.

తుర్గున్ అన్ని రంధ్రాలకీ ముల్లు తీశాడు. ఒక్కదానికి ఉంచాడు.

టీ పట్టుకొచ్చిన ఓయ్‌నిసా కళ్ళకి అది పడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకీ ఈ పని కొంత అబ్బింది. ఇదొకటి మర్చిపోయారు అంది. మర్చిపోలేదు అన్నాడు. ఆవిడ పళ్ళెం కింద పెట్టి, ఎప్పట్లాగే కూతురి పేరుతో పిలిచింది.

"లోలా నాన్నా, పసివాడి విందు అది."

"మా తమ్ముడిదీ పెళ్ళే."

"సరే, మధ్యాహ్నం ఇది టప్పుమంటుంది. అప్పుడు జనం ఎవర్ని చూసి నవ్వుతారు? కంబర్‌నా?"

తుర్గున్ చేతిలో డ్రిల్లు ఆగిపోయింది. ఇన్ని రోజులూ కంబర్ మొహం వాడిపోవడమే కళ్ళ ముందు ఆడింది గానీ, ఆ మొహం పక్కనే సమోవార్ కూడా నిలబడి ఉంటుందని తట్టలేదు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. లావుపాటి డ్రిల్లు మొన ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని, ఆ రంధ్రం అంచున మెల్లగా తిప్పి ముల్లు తీసేశాడు. వేలితో తడిమాడు, గోటితో గీశాడు. గాజులా నున్నగా ఉంది. ఓయ్‌నిసా దేవుణ్ణి తలుచుకుని వంటింట్లోకి పోయింది.

పాపం, ఆవిడకేం తెలుసు. రెండు రోజుల తర్వాత ఆవిడ ఇస్త్రీ పెట్టె మాయమైంది. ఇల్లంతా వెతికి పెరట్లోకి వస్తే, పెట్టె కడుపు చీల్చి ఉంది. అందులో వేడి ఎక్కువైతే టక్కుమని కరెంటు ఆపేసి, చల్లారాక మళ్ళీ టక్కుమని ఇచ్చే ముక్క ఉంటుందే, దాన్ని హీట్ సింక్‌కి బిగించి కూర్చున్నాడు. తిప్పే చక్రం కూడా ఊడదీసి తెచ్చి, దాన్ని పట్టు బట్టల గుర్తు దగ్గర పెట్టాడు. పట్టు గుడ్డకి పనికొచ్చే వేడి దాటితే ఆంప్లిఫయర్ దానంతటదే పడుకుంటుంది, చల్లారితే దానంతటదే లేస్తుంది. చావదు.

మిగతా పని పెళ్ళివారి పనిలా శ్రద్ధగా చేశాడు. అభ్రకం రేకుకి రెండు వైపులా వేడిని దాటించే తెల్ల ముద్ద ఊపిరంత పల్చగా పూశాడు. మరలు ఒకటి ఇటు, ఒకటి అటు, కొంచెం కొంచెంగా బిగించాడు. వేడిగాలి పైకి పోయేలా రెక్కల్ని నిలువుగా నిలబెట్టాడు. ముందు ఒక చెక్క జాలీ పెడితే రెక్కలు కనపడకుండా అందంగా ఉండేది. చెక్క ఉంది, రంపం ఉంది. పెట్టలేదు. రెక్కలకి బొగ్గులాంటి నల్ల రంగు మాత్రం వేశాడు.

విందు రోజు తెల్లవారుజామున పలావు పెట్టే వేళకి పెట్టె తెచ్చాడు. మూలన చోటు ఉంది. అక్కడా పెట్టలేదు. సరిగ్గా కంబర్ నిలబడి పాడే చోటుకి వెనకాల, రెక్కలు జనం వైపు తిప్పి పెట్టాడు. పక్కనే తాడు మీద చుట్టాలు తెచ్చిన సుజానీలు వేలాడుతున్నాయి. అప్పుడు ఆక్సాకాల్‌నీ ఇంకో నలుగురు పెద్దల్నీ పిలిచి, వాళ్ళ ముందే కంబర్‌తో అన్నాడు.

"కంబర్ అకా, మీరు చల్లగా పాడుకోండి. ఒక్కటే మాట. దీని మీద ఏదీ కప్పకండి."

"నీ సమోవార్‌కి టోపీ పెట్టనులే, పో."

పెద్దలు నవ్వారు. తుర్గున్ కూడా నవ్వాడు. చెప్పాల్సింది చెప్పాడు, విన్నవాళ్ళు ఉన్నారు. అబద్ధం ఒక్కటి ఆడలేదు.

పొద్దుటి నుంచీ పెట్టె గంటలా మోగింది. జనం మెచ్చుకున్నారు, ఆక్సాకాల్ రెండుసార్లు బొటనవేలు చూపించాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడు పక్క పట్నం ఫెర్గానా నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. కంబర్ కొత్త అంగీ సర్దుకుని, మీసం దువ్వుకుని, వెనక్కి తిరిగి చూశాడు. నల్లటి రెక్కలు పళ్ళికిలించినట్టున్నాయి. అటూ ఇటూ చూశాడు. తాడు మీంచి ఒక సుజానీ లాగి కప్పేశాడు.

తుర్గున్ ఎదురు బల్ల దగ్గరే కూర్చుని చూశాడు. ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు. ఓయ్‌నిసా ఆడవాళ్ళ వైపు నుంచి అతని మొహం చూసింది, గుడ్డ చూసింది, తల వంచుకుంది.

కంబర్ పాట ఎక్కుతోంది. ఇంకా ఎక్కుతోంది. కళ్ళు మూసుకుని, చెయ్యి గాల్లోకి లేపి, గొంతు ఆకాశానికి తగిలే చోట పెట్టె టక్కుమంది. నోరు తెరిచే ఉంది, పెదాలు ఆడుతున్నాయి, చివరి వరసల వాళ్ళకి చప్పుడు లేదు. నవ్వులు మొదలయ్యాయి. కంబర్ ముందు తేరుకున్నాడు.

"చెప్పానా! సమోవార్ మళ్ళీ మరిగింది."

తలలన్నీ తుర్గున్ వైపు తిరిగాయి. అతను గిన్నెలో మిగిలిన టీ తాగి, చేతులు తుడుచుకుని లేచాడు. కంబర్ దగ్గరికి నడిచి, రెండు వేళ్ళతో సుజానీ కొస పట్టుకుని లేపాడు. ఆక్సాకాల్‌కి చూపించాడు. ఆక్సాకాల్ మొహంలో నవ్వు పోయింది.

"కంబర్, పొద్దున మా ముందే కప్పొద్దన్నాడు కదయ్యా."

కంబర్ ఏదో అనబోయేలోపే తుర్గున్ ఆ గుడ్డని అతని నెత్తి మీద వేసి, మొహం మీదకి లాగి, అంచులు సర్దాడు. మైకు చేతిలోకి తీసుకున్నాడు. మాట్లాడలేదు. నిలబడ్డాడు. రెక్కలు చల్లారడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. జనానికి తెలియదు. ఈ మూగమొద్దు ఏం చేస్తాడోనని మెడలు చాచి చూస్తున్నారు. గుడ్డ తీసుకోవాలో, ఉంచుకోవాలో తెలియక కంబర్ అలాగే ఉన్నాడు. తీస్తే ఎగతాళికి ఉడుక్కున్నట్టు.

టక్కుమంది.

"పాట ఆగింది పెట్టె వల్ల కాదు," అన్నాడు తుర్గున్. మాట మూడు వీధులకి వినపడింది. "పెళ్ళికూతురికి సిగ్గేసింది. సలాం చెయ్యి తల్లీ, అత్తగారు చూస్తోంది."

విందంతా విరగబడి నవ్వింది. పలావు గరిటె పట్టుకున్నవాడు గరిటె వదిలేశాడు. కొత్త కోడలు ముసుగులో నిలబడి వంగి వంగి సలాములు చేస్తుందే, సరిగ్గా అలాగే ఉన్నాడు కంబర్. ముసుగు తీశాడు. నోరు తెరిచాడు. ఊళ్ళో మాటకి మాట అంటించే మొనగాడికి మాట రాలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది జరీ టోపీ పెట్టుకున్న అతని మనవడే. కంబర్ ఆ పిల్లాడి వైపు చూశాడు. ఆ చూపు తుర్గున్‌కి బాగా తెలుసు. తన తమ్ముడు నవ్విన రోజు తను అలాగే చూశాడు. జాలి కలగాల్సింది. కలగలేదు. కడుపులో చల్లగా ఉంది, అంతే.

మైకు కంబర్ చేతిలో పెట్టి, పోయి తన చోట కూర్చున్నాడు. సాయంత్రం దాకా పెట్టె ఒక్కసారి కూడా ఆగలేదు. కంబర్ మాత్రం గొంతు బాగాలేదని మళ్ళీ పాడలేదు.

ఇంటికి వచ్చాక ఓయ్‌నిసా పొగాకు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఇంక ఆ దారాలు పారేస్తారా అంది. తుర్గున్ జేబులోంచి ఇంకో దారం తీశాడు, పచ్చది, అప్పుడే కొద్దిగా మాడింది. డబ్బాలో వేసి, మూత పెట్టి, అటక మీద పెట్టాడు. నా ఇస్త్రీ పెట్టె సంగతేమిటి అని ఆవిడ చాలాసేపు సణిగింది.

మర్నాడు మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడ్డాడు. నాలుగడుగుల ముందు కంబర్ ఉన్నాడు. కొట్టువాడు తుర్గున్‌ని చూసి, అలవాటు కొద్దీ, "సమోవార్, నీకెంత?" అన్నాడు. పేరు పోలేదు. అది ఇంక పోదు.

కంబర్ తల తిప్పలేదు. కొక్కేలకి వేలాడుతున్న గొర్రె తొడల్ని జన్మలో చూడనట్టు చూస్తూ ఉండిపోయాడు.

"కిలో," అన్నాడు తుర్గున్. "తొందరేం లేదు. ముందు పెళ్ళికూతురికి కొయ్యి."