ఆదివారం మేత

ఒక ఆదివారాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. దించడానికి చోటు దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా? వెతకలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీ ముందు దించుతున్నాను. తెలిసినవాళ్లయితే ఈ మాట కూడా మింగేసేదాన్నే.

వైరస్‌ల మీద పరిశోధన ఎలా చేయాలో పీహెచ్‌డీ పిల్లలకు నేర్పడం నా ఉద్యోగం. ఈమధ్యే రిటైరయ్యాను. గొర్రెలకు వచ్చే నీలినాలుక జబ్బు మా పని. పల్లెల నుంచి జబ్బు గొర్రెల రక్తం తెచ్చి, సీసాల్లో పెంచిన బతికున్న కణాలకు అందులోని వైరస్‌ను ఎక్కించి చూస్తాం. చేరిన ప్రతి విద్యార్థికీ మొదట నేర్పేది ఒకటే. ముందు ఆరోగ్యంగా ఉన్న కణాల పని, ఆ తర్వాతే వైరస్ పని. వైరస్ ముట్టుకున్నాక ఆ రోజుకిక మంచి కణాల జోలికి పోకూడదు. ఈ వరుస తప్పినవాళ్లను నేను అందరి ముందూ కడిగేసేదాన్ని.

షాహీనాది కమలాపురం. తండ్రి గొర్రెల వ్యాపారి. సీసాల్లోని కణాలకు పోషకద్రవం మార్చడాన్ని మా ల్యాబ్‌లో ‘మేత వేయడం’ అనడం ఆ పిల్లతోనే మొదలైంది. ఊరికి పోయేవాళ్లు తమ సీసాలకు మేత వేయమని ఇంకొకరికి అప్పగించి పోవడం మా ఆనవాయితీ. రంజాన్ నెలలో ఇంటికి పోతూ షాహీనా తన సీసాలను తోటి పిల్లలకు కాదు, నాకు అప్పగించింది. నా చేయి మీద అంత నమ్మకం.

ఆ ఆదివారం ఉదయమంతా నేను వైరస్‌తోనే ఉన్నాను. మధ్యాహ్నం బయలుదేరబోతుంటే ఆమె సీసాలు గుర్తొచ్చాయి. మరునాటికి ఆపొచ్చు. ఇంకొకరికి ఫోన్ చేయొచ్చు. చేయలేదు. గ్లౌజులైనా మార్చలేదు. ఏం కాదులే అనుకుని, పొద్దుటి నుంచి వైరస్ ద్రవం తోడిన పిపెట్ గొట్టంతోనే మేత వేసేశాను. కల్లూరులో నా ఇంట్లో నాకోసం కాచుకున్నవాళ్లు ఎవరూ లేరు, పొయ్యి మీద ఏమీ లేదు, మరి ఆ తొందర దేనికో ఇప్పటికీ నాకు అర్థం కాదు. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అది నేనే.

సోమవారం షాహీనా తిరిగొచ్చింది. ఆ వారంలోనే, వైరస్ ఎక్కించని సీసాల్లోనూ కణాలు ముడుచుకుని ఊడిపోయాయి. మంచి కణాల్లోకి వైరస్ చొరబడిందన్నమాట. షాహీనా సీసా పట్టుకుని నా గదికి వచ్చింది.

“మేడమ్, ఆదివారం మీరు మేత ఏసినప్పుడు బాగుండెనా?”

“శానా బాగుండె. సోమవారం నీ చేతికొచ్చినాకే చెడిపోయినాయి.”

“అయితే నేనే యాడనో తప్పు చేసింటా మేడమ్.”

“చేసింటావు తల్లీ. కొందరి చేతికి ఈ పని రాదు.”

ఆమె తన చేతులు చూసుకుంది. నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నా పాపం అది కాదు. వైరస్ ఎప్పటి నుంచి చొరబడిందో తేలకపోతే, అవే కణాల మీద ఆమె అంతకు ముందు ఏళ్ల తరబడి తీసిన ఫలితాలన్నీ అనుమానంలో పడతాయి. ఆదివారం నుంచే అని చెప్పగలిగింది నేనొక్కదాన్నే. ఆ ఒక్క మాటతో ఆమె పాత పనంతా నిలిచేది. ఆమె పీహెచ్‌డీ పని పరిశీలనకు వచ్చిన పెద్దలు, ఎప్పటి నుంచని నన్ను అడిగారు కూడా. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మొదటి నుంచి మళ్లీ చేయమన్నారు. ఆమెకు ఫెలోషిప్ గడువు మిగల్లేదు, అంతకంటే తన చేతుల మీద నమ్మకం మిగల్లేదు. వెళ్లిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత చేరిన ప్రతి బ్యాచ్‌కూ మొదటిరోజే ఆమె కథ చెప్పాను. భయం పెట్టడానికి పనికొచ్చింది. ఆమె ముఖమైనా చూడని పిల్లలు, వరుస తప్పినవాణ్ని “ఏమప్పా, షాహీనా పని చేస్తాండావే” అని ఆటపట్టించేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అవును, నవ్వేదాన్ని. వాళ్లు ఇప్పుడు వేరే ఊళ్ల ల్యాబుల్లో పిల్లలకు నేర్పుతున్నారు, ఆ మాట కూడా వాళ్ల వెంటే పోయింది.

షాహీనా కడపలో ఒక మందుల దుకాణంలో పని చేస్తోందని విన్నాను. ఒకసారి ఆ వీధి దాకా పోయి, ఆటో దిగకుండానే తిరిగొచ్చాను. చెబితే ఆమెకు పోయిన ఏళ్లు వస్తాయా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది ఆమె మీద దయా, నా పరువు మీద తీపా? తీపే. పాత విద్యార్థులు అప్పుడప్పుడు ఫోన్ చేసి, అంతా మీరు నేర్పిన క్రమశిక్షణే మేడమ్ అంటారు. ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఉండబుద్ధి కాదు. పోవడానికి ఇంకో చోటూ లేదు.

ఆ ఆదివారం వైరస్ ముట్టుకున్న చేత్తో మంచి కణాలకు మేత వేసింది నేను. షాహీనా చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఇంత రాసేసరికి, ఇన్నేళ్లకు, ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ కథ చెప్పే చోటల్లా ఆమె పేరు తీసేసి నా పేరు పెట్టండి అని రాద్దామనే కూర్చున్నాను. కానీ చూశారుగా, ఇందులోనూ ఆమె పేరే ఉంది. నా పేరు లేదు.