పళ్లతో విన్న గంటలు

నిన్న అశోక్ చౌక్ దగ్గర ఓ పెళ్లికి వెళ్లి భోజనం చేయకుండానే వచ్చేశాను. హాలు గుమ్మం పక్కన మా మేనమామ చేసిన గంట వేలాడుతోంది. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె ఆకారంలో మూరెడు పొడవుంటుంది. ఒళ్లంతా బంగారు రంగు, లోపల ప్లాస్టిక్ గులాబీలు. జనం దాన్ని కౌగిలించుకుని సెల్ఫీలు దిగుతున్నారు. ఆ రంగంటే అసహ్యం నాకు కొత్త కాదు. అందులో సగం నా మీద నాకున్నదే.

మామ మరమగ్గాల మిస్త్రీ. నలభై ఏళ్లు ఆ చప్పుడులో బతికిన మనిషికి చెవులెక్కడ మిగులుతాయి? అత్త పిలిచినా వినపడేది కాదు, అది లాభమే అనేవాడు. మగ్గంలో ఏ బోల్టు వదులైందో కనిపెట్టాలంటే స్క్రూడ్రైవర్ పిడిని పళ్ల మధ్య కరిచి, మొనను ఇనుముకు ఆనించేవాడు. చెవి చేయలేని పని దవడ ఎముక చేసేది. పాత మగ్గాలు తుక్కు కిందికి పోతుంటే ఆ ఉక్కుతో నాడె, నూలు కండె ఆకారాల్లో తొమ్మిది గంటలు చేశాడు. నేను బడిలో తబలా నేర్పేవాణ్ణి. వాటి కోసం ఓ వాద్యరచన మొదలుపెట్టాను. రాగం లేదు, పాట లేదు. మగ్గం కదలడం, ఊపందుకోవడం, పోగు తెగి ఆగిపోవడం, అంతే. ఆరు నెలలు బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో ఆయన ఇంటి ముందు నేను కొట్టడం, ఆయన కరిచి వినడం, అంచును ఆకురాయితో రాయడం. బీడీలు చుడుతూ అత్త చూసి చూసి అంది: "మామ గంటను కొరుకుతుండు, అల్లుడు కొడుతుండు. ఇంట్ల షానా మనిషిని నేనొక్కదాన్నే మిగిలిన."

దాని ప్రదర్శన రోజు పొద్దున ఈ పెళ్లి హాలుకే వెళ్తే గంటలు ధగధగలాడుతున్నాయి. హాలు కమిటీ పెద్దమనిషి అతుకులు కనపడకుండా లప్పం పట్టించి, పైన మందంగా రంగు వేయించాడు. "పాహుణే వస్తున్రు మాస్టర్, అతిథుల ముందట జర చమక్ ఉండాలె కదా. ఫోటోల మస్త్ వస్తది," అన్నాడు. ఒకటి కొట్టి చూశాను. తడి గోనెసంచిని కొట్టినట్టుంది. అక్కడే ఆపేయాల్సింది. అప్పటికే నా భుజాన శాలువా పడింది, అది నాకు ముద్దొచ్చింది. ఇరవై నిమిషాలు ఆ చచ్చిన గంటల్ని వాయించాను. ముందు వరుసలో మామ నా చేతులు చూస్తూ, ప్రతి దెబ్బకూ తలూపుతూ మురిసిపోయాడు. ఆయనకేం తెలుసు!

చప్పట్లయ్యాక మామ వేదికెక్కి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి కరిచి, నాడె గంటకు ఆనించాడు. కొట్టమని సైగ చేశాడు. కొట్టాను. మళ్లీ సైగ చేశాడు, మళ్లీ కొట్టాను. స్క్రూడ్రైవర్ను నోట్లోంచి తీసి లాల్చీకి తుడుచుకున్నాడు.

"నాకైతే చెవుల్లేవు. నీకేమైంది అల్లుడా?"

ఆయన మళ్లీ గంట చేయలేదు. నేనూ మరొకటి రాయలేదు. గంటలు కమిటీ దగ్గరే, పెళ్లిళ్ల అలంకరణకు ఉండిపోయాయి. మామ పోయి ఆరేళ్లయింది.

నిన్న ఆ గులాబీలు పీకి పారేసి, ఇంటి తాళంచెవితో అంచు గీకాను. వాచ్‌మన్ తిడుతూనే ఉన్నాడు. బెత్తెడు మేర ఉక్కు బయటపడింది. తాళంచెవిని పళ్ల మధ్య పెట్టి, మొన ఆనించి, వేలి కణుపుతో కొట్టాను. మునుపంత కాదు గానీ దవడలో సన్నగా మోగింది. రంగు కింద ఇన్నేళ్లూ ఆ మోత అలాగే ఉంది. గీకడానికి ఆ రోజు కూడా నా జేబులో తాళంచెవి ఉంది.