ఎడమవైపు వయొలిన్

పాత వాల్వు ఆంప్లిఫయర్లను బతికించడంలో తిరుపతి నుంచి మద్రాసు దాకా నన్ను మించినవాడు లేడని మా మనవలకు చెబుతుంటాను. గాజు వాల్వును పెన్సిలుతో ఒక్కసారి తట్టి, ఆ మోతను బట్టి దానికి ఇంకెన్నాళ్ళు ఆయుష్షు ఉందో చెప్పేవాడినని, నా అడుగుల చప్పుడు వింటే మొండి ఆంప్లిఫయర్ కూడా దానంతటదే దారికొచ్చేదని చెబుతాను. వాళ్ళు నమ్ముతారు. మీరు పెద్దవాళ్ళు గనక అసలు సంగతి చెప్పాలి. రైల్వే స్టేషను దగ్గర మా సందులోనే నాతో కలిపి నలుగురు మెకానిక్కులం ఉండేవాళ్ళం. అందులో ఇద్దరు నాకన్నా పనిమంతులు. పెన్సిలుతో తట్టడం మాత్రం నిజమే. లోపల ఏదైనా వదులైతే తట్టినప్పుడు స్పీకరులో గణగణమంటుంది. అది ఎవరు తట్టినా అంటుంది.

ఎనభైల మొదట్లో ట్రాన్సిస్టర్లు, టేపురికార్డర్లు వచ్చిపడ్డాయి. మిగతా ముగ్గురూ అటు మళ్ళారు. నేను మళ్ళలేదు. కళ మీద ప్రేమ అని చెప్పుకుంటాను గానీ, టేపురికార్డరులోని చిట్టి పళ్ళచక్రాలు నా లావు వేళ్ళకు చిక్కేవి కావు. అంతే.

అందుకే చిత్తూరు బెల్లం మండీ పెద్దాయన కబురు నాకొచ్చింది. ఆయన, ఆయన తమ్ముడు కలిసి మండీ నడిపేవారు. ఇద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో. ఊరు విడిచి వెళ్ళిపోతున్న రేణిగుంట రైల్వే దొర ఒకాయన దగ్గర పెద్దాయన ఎప్పుడో ఒక స్టీరియో ఆంప్లిఫయరు కొన్నాడు. ఎనిమిది వాల్వులు, రెండు స్పీకర్లు. దాన్ని బస్సులో పంపించడానికి ఆయనకు మనసొప్పలేదు. నన్నే రమ్మన్నాడు.

వెళ్ళేసరికి ఇంటి ముందు ఇటుకలు దింపి ఉన్నాయి.

"ఇల్లు పెంచుతున్నారా అక్కా?" అన్నాను, మజ్జిగ తెచ్చిన పెద్దాయన భార్యతో.

"పెంచేదేంది నాయనా, రెండు చేస్తా ఉండారు. నడవ మధ్యలో గోడ. వచ్చే బుధవారం మేస్త్రీ వస్తాడు" అంది ఆమె.

"ఎందుకు?"

"నువ్వు బాగుచేసేదానికి వచ్చినావే, ఆ పెట్టె కోసం."

లోపలి గదిలో పేము కుర్చీ, దానికి చెరోపక్క ఒక్కో స్పీకరు, రెండూ కూర్చున్నవాడి చెవుల ఎత్తులో. మధ్యాహ్నం మండీ కట్టేశాక పెద్దాయన అందులో కూర్చుని కచేరీ రికార్డులు వినేవాడు. ఆ రికార్డుల్లో పాట మధ్యలో ఉంటుంది, వయొలిన్ ఎడమ స్పీకరులో, మృదంగం కుడి స్పీకరులో. ఆయన నా ముందు తన ఫిర్యాదు మొత్తం విప్పాడు.

"ఆయుధపూజ నాడు తక్కెడకు పెట్టినట్టు దీనికీ బొట్లు పెట్టినాడబ్బా మా తమ్ముడు. పెట్టె పైన పెట్టి ఊరుకోరాదా? మూత తీసి లోపల బుడ్లకు పెట్టినాడు! ఆ పండగ పోయినాక ఎడమపక్క బరబర, వయొలిన్ లేదు. ఏందిరా ఇట్ల చేస్తివి అని అడిగితే పలకడు. ఇంట్లో పలకడు, మండీలో పలకడు. అంత పొగరు. పలకనివాడితో కలిసి ఉండేదెట్ల?"

మూత తీశాను. ఎనిమిది వాల్వులూ పేరంటానికి వచ్చిన ముత్తయిదువుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదానికి గంధం, దాని మీద కుంకుమ. తమ్ముడు ఎడమవైపు నుంచి మొదలుపెట్టినట్టున్నాడు. అటువైపు వాటికి గంధం ధారాళంగా పట్టించాడు. కుడివైపుకు వచ్చేసరికి గిన్నె అడుగంటి ఉంటుంది, చుక్కలతో సరిపెట్టాడు. ఎడమవైపు గంధమూ కుంకుమా గాజు మీదుగా జారి కింది సాకెట్లలోకి దిగాయి. ఎండాకాలమైతే ఏమీ కాదు. పూజ అయిన వారానికి ముసురు పట్టింది. తడి తగిలిన కుంకుమ మీదుగా, పోకూడని చోటికి కరెంటు పాకింది. అదీ బరబర.

ఆ సాకెట్లను శుభ్రం చేయడానికి మూడు పగళ్ళు పట్టిందని నేను చాలామందికి చెప్పాను. స్పిరిటూ పళ్ళ బ్రష్షూ ఉంటే గంట పని. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి ఉన్నాయని వంటింటి వాసన చెప్పింది గనక నెమ్మదిగా చేశాను.

తిన్నాక రికార్డు పెట్టాం. బరబర పోయింది. వయొలిన్ ఎడమ స్పీకరులోంచి గంగధారలా వస్తోంది. గర్వంగా పెద్దాయన వైపు చూశాను.

"యాడప్పా వయొలిన్?" అన్నాడాయన.

"వస్తోంది కదయ్యా!"

"మృదంగం వస్తా ఉండాది. పాట వస్తా ఉండాది. వయొలిన్ యాడ?"

ఆయన్ను లేపి నేను కుర్చీలో కూర్చున్నాను. రెండు పక్కలా శుభ్రంగా వినపడింది. ఆయన కూర్చున్నాడు. వయొలిన్ లేదన్నాడు. ఇలాంటప్పుడు మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎడమదాన్ని కుడికీ కుడిదాన్ని ఎడమకీ మార్చి, రోగం దేనితోపాటు వెళ్తుందో చూస్తాం. తీగలన్నీ విప్పడానికి బద్ధకించి, కుర్చీనే గోడవైపు తిప్పి ఆయన్ను కూర్చోమన్నాను.

"వచ్చిందబ్బా వయొలిన్!" అని ఎగిరి, అంతలోనే మొహం ముడిచాడు. "మృదంగం యాడికి పాయ?"

మళ్ళీ ఇటు తిప్పాను. వయొలిన్ పోయింది, మృదంగం వచ్చింది.

"కుర్చీలో ఏమన్నా దోషం ఉండాదా?" అన్నాడు అనుమానంగా.

దోషం కుర్చీలో లేదు, అందులో కూర్చున్న మనిషిలో ఉంది. పెద్దాయన ఎడమ చెవి పనిచేయడం లేదు. ఎప్పుడు పోయిందో ఏమో, మెల్లగా పోయి ఉంటుంది. పండగ తర్వాత బరబర వచ్చి, పాటను పట్టి పట్టి వినడం మొదలుపెట్టాకే ఆయనకు వయొలిన్ లేదని తెలిసింది.

అప్పుడు నేను వైద్యుడిలా గంభీరంగా ఆయన భుజం మీద చెయ్యి వేసి నిజం చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. ఆయన చూపు కరకుది, నేను పిరికివాణ్ణి. పెట్టె వెనక్కి పోయి, రెండు పక్కల పాటనూ కలిపేస్తూ చిన్న తీగ ముక్క ఒకటి అతికించాను. ఇక రెండు స్పీకర్లలోనూ అన్నీ వస్తాయి. స్టీరియో చచ్చిపోయింది గానీ పెద్దాయన కుడిచెవికి వయొలిన్ అందింది.

"అద్దీ!" అని తొడ చరిచాడు. తర్వాత ఇల్లంతా వినపడేలా అరిచాడు. "సూసినావా? నేను చెప్పలా? అంతా వాడి బొట్టు వల్లనే! ఇంక గోడ గోడే!"

గుమ్మం బయట తమ్ముడు నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, భుజం మీద తువ్వాల. లోపలికి రాలేదు. నేను బయలుదేరుతుంటే మెల్లగా అడిగాడు.

"నిజంగా నా బొట్టేనా అప్పా? నా వల్లనేనా అన్నకు వయొలిన్ పోయింది?"

నేను స్క్రూడ్రైవరు మొన తుడుచుకుంటూ నిలబడ్డాను. తమ్ముడు దాన్నే అవునని అనుకున్నాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మనస్సాక్షి పొడవగా పొడవగా, తిరుపతి బస్సును దారిలో ఆపించి దూకేసి, చిత్తూరు దాకా పరుగెత్తానని మా ఇంటావిడ ఇప్పటికీ నమ్ముతుంది. తిరుపతికి చేరి, రెండు రాత్రులు హాయిగా నిద్రపోయాను. మూడో రోజు పనిలో కరెంటు కొలిచే మీటరు కోసం వెతికితే కనబడలేదు. పెద్దాయన ఇంట్లో మరిచిపోయాను. నా దగ్గరున్నది అదొక్కటే. దానికోసం మంగళవారం మళ్ళీ చిత్తూరు బస్సెక్కాను. మనస్సాక్షి పక్క సీట్లో కూర్చుని ఉంటే ఉండొచ్చు.

నడవలో అప్పటికే మేస్త్రీ ముగ్గుపిండితో గీత గీసి పోయాడు. తమ్ముడి భార్య ఆ గీతను దాటకుండా తన వైపు మాత్రమే చిమ్ముకుంటోంది. దానికి ఇవతల అక్క తన వైపు చిమ్ముకుంటోంది. రెండు చీపుళ్ళూ గీత దాకా వచ్చి ఆగిపోతున్నాయి. అది చూశాక నా నోరు ఊరుకోలేదు. లోపలికి పోయి, మీటరు అడగకముందే చెప్పేశాను.

"అయ్యా, పెట్టెకి మొన్ననే బాగైపోయింది. బొట్టు వల్ల వచ్చింది బరబర ఒక్కటే. వయొలిన్ వినపడకపోవడం మీ ఎడమచెవి వల్ల."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నాకు చెవుడంటావా?"

"రెండింటికీ కాదయ్యా, ఒక్కదానికే" అన్నాను, ఏదో తగ్గించి ఇస్తున్నట్టు.

"మండీలో ముప్పై ఏండ్లుగా బేరాలు చేసే మనిషినబ్బా నేను! చెవుడైతే బేరం ఎట్ల చేస్తా?"

అక్క గుమ్మంలోంచే అందుకుంది. "తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని గదా చేసేది మీ బేరాలు. ఆడ నోరు తెరిసేదెవరు, వినేదెవరు?" అని ఒక్క క్షణం ఆగింది. ఆమెకు ఏదో తట్టినట్టుంది. "మండీలో మీ తమ్ముడు ఏ పక్క కూసుంటాడు?"

పెద్దాయన చెయ్యి గాల్లో లేచింది, పక్కన ఎవరో ఉన్నట్టు చూపించబోయి ఆగింది. లేచింది ఎడమ చెయ్యి.

తర్వాత ఆయన తమ్ముణ్ణి పిలవమన్నాడు. తమ్ముడు వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"లోపలికి రారా."

"రావద్దంటివి గదన్నా."

"ఇప్పుడు రమ్మంటా ఉండా. ఈ పక్కకి రా. ఏదో ఒకటి చెప్పు, మెల్లిగా."

పెద్దాయన కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, కుడిచెవిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు. తమ్ముడు ఎడమచెవి దగ్గరికి వంగి మొదలుపెట్టాడు. ఆరోజు తమ్ముడు అరగంటసేపు మాట్లాడాడని, వింటే రాళ్ళు కరిగేవని నేను చెబుతుంటాను. అరనిమిషం కూడా మాట్లాడలేదు. నాకు వినపడింది ఒకటే మాట.

"పిలిచిన ప్రతిసారీ పలికినా అన్నా. పలకకుండా ఎప్పుడుండా? పలికినా."

అయిపోయాక తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. పెద్దాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"కానీరా" అన్నాడు, కాస్త విసుగ్గా. "ఎంతసేపు? మొదలుపెట్టు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో నాకు తెలియలేదు. జవాబు రాకపోయేసరికి ఆయన కళ్ళు తెరిచి, మా ముగ్గురి మొహాలూ ఒకటొకటిగా చూశాడు. తమ్ముడి తడి కళ్ళ దగ్గర చూపు ఆగింది. అరచెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

"చెప్పేసినావా?"

"చెప్పేసినా అన్నా."

"ఏం చెప్పినావు?"

"ఏం లేదులే."

పెద్దాయన మేస్త్రీకి రావద్దని కబురు పంపమని అక్కతో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మొన్న ఏందో చేసినావే, నాకు అంతా ఒకే పక్క వినపడేటట్టు. అది తీసేయ్. రెండు పక్కలూ వేరే వేరేగా ఉండనీ."

"తీసేస్తే మీకు వయొలిన్ వినపడదయ్యా."

"తీయబ్బా" అన్నాడు. పక్కకు జరిగి తమ్ముడికి కుర్చీలో సగం చోటిచ్చాడు, ఈసారి కుడివైపు. ఇద్దరికీ ఆ పేము కుర్చీ చాలలేదు, కిర్రుమంది. నేను తీగ ముక్క తీసేసి రికార్డు పెట్టాను.

కొంచెంసేపు విని పెద్దాయన అడిగాడు. "వయొలిన్ వస్తా ఉండాదా?"

"వస్తా ఉండాది అన్నా."

"ఎట్ల వాయిస్తా ఉండాడు?"

తమ్ముడికి సంగీతం ఏమీ తెలియదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తల వంచి శ్రద్ధగా విన్నాడు.

"బాగానే వాయిస్తా ఉండాడు" అన్నాడు. "కాకపోతే ఆ పాడే ఆయన కొంచెం ఆగితే, ఈయన చెప్పేది ఇంకా బాగా వినపడతాది."